మూడడుగుల ఎత్తు నుంచి ఆమ్‌స్టర్‌డామ్

చిన్నపిల్లలతో యూరప్‌లో ఏ ఊరికి వెళ్ళొచ్చని ఎవరిని అడిగినా ముందు వరసలో వినపడే పేరు ఆమ్‌స్టర్‌డామ్. ఎందుకని అడిగితే జవాబు కూడా దాదాపు ఒకటే: డచ్ వాళ్ళకి పిల్లలంటే మమకారం, అది వాళ్ళ సంస్కృతిలోనే ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ ‘సంస్కృతి’ అనే మాటతో ఒక చిక్కుంది. అది అనేశాక ఇంక అడగడానికి ఏమీ మిగలదు. వాళ్ళకుంది, మనకి లేదు, అంతే. ఏ సంవత్సరంలో ఎవరు ఏం చేస్తే ఊరు ఇలా తయారైందన్న ప్రశ్న పుట్టకుండానే పోతుంది.

మేము జర్మనీ నుంచి రైల్లో మూడు రోజుల కోసం వెళ్ళాం. బాబుకి ఆరేళ్ళు, పాపకి మూడు. ఈ వయసు వాళ్ళతో వెళ్తే ప్రణాళిక వేసే పని పెద్దవాళ్ళ చేతుల్లో ఉండదు. పొద్దున ఒక్క చోటు, మధ్యాహ్నం స్ట్రోలర్‌లో పాప నిద్ర, సాయంత్రం ఎక్కడో ఒక ఆటస్థలం. అలా మాకు దక్కినవి ఒక మ్యూజియం, ఒక జూ, కొన్ని ఆటస్థలాలు, వాటి మధ్య నడిచిన వీధులు. చూసింది కొంచెమే. అయితే ఈ నాలుగింటి చరిత్రనీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది: పిల్లలకి ఊళ్ళో చోటివ్వడం ఎప్పుడూ ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమే. ఆ నిర్ణయం రెండో వైపుకి కూడా తిరగగలదు.

ముందు మ్యూజియం సంగతి. రైక్స్‌మ్యూజియంలో పెద్దవాళ్ళంతా రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ ముందు గుమిగూడతారు. మా పిల్లలు ఆగింది యాన్ స్టేన్ బొమ్మ దగ్గర. 1665-68 ప్రాంతంలో వేసిన ‘సెయింట్ నికోలస్ పండుగ’ అది. ఒక పాప తనకొచ్చిన బొమ్మని, మిఠాయిల్ని గుండెకి హత్తుకుని ఎవరికీ ఇవ్వనంటోంది. పక్కన ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు. అల్లరి చేసిన పాపానికి వాడి బూటులో మిఠాయికి బదులు బెత్తం వచ్చింది. వెనక ఉన్న నాయనమ్మ మాత్రం పరదా చాటు నుంచి వాడిని రమ్మని వేలు ఆడిస్తోంది. బొమ్మలో ఏం జరుగుతోందో మా వాడికి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

17వ శతాబ్దంలో హాలండ్‌కి వచ్చిన విదేశీ యాత్రికులు, ఇక్కడివాళ్ళు పిల్లల్ని మరీ గారాబం చేస్తారని రాసుకున్నారు. చరిత్రకారుడు సైమన్ షామా 1987లో వచ్చిన ‘ది ఎంబరాస్‌మెంట్ ఆఫ్ రిచెస్’ అనే పుస్తకంలో డచ్ పిల్లల గురించి ఒక అధ్యాయమే రాశాడు. కాబట్టి సంస్కృతి వాదంలో బలం లేదని అనలేం. కానీ స్టేన్ బొమ్మలో ఉన్నది నాలుగు గోడల మధ్య గారాబం. అదే మ్యూజియంలో పెట్రోనెల్లా ఓర్ట్‌మన్ అనే సంపన్నురాలి బొమ్మరిల్లు కూడా ఉంది. 1686 నుంచి 1710 దాకా చేయించింది. చిన్న చిన్న గిన్నెలు, కుర్చీలు, పరుపులు, అన్నీ అసలైన పనివాళ్ళతో అసలైన సామగ్రితో. దానికైన ఖర్చుతో కాలువ ఒడ్డున నిజమైన ఇల్లే కొనుక్కోవచ్చు. చూడగానే పిల్లలు చేతులు చాస్తారు. అది పిల్లల కోసం చేయించింది కాదు, పెద్దవాళ్ళు అతిథులకి చూపించుకునే వస్తువు. ఇంట్లో ముద్దు చేయడానికీ, ఊళ్ళో చోటివ్వడానికీ మధ్య ఉన్న దూరం నాకు అక్కడే కనిపించింది. ముద్దు చేయడానికి మనసుంటే చాలు. చోటివ్వాలంటే వేరేవాళ్ళ చోటు కొంత తగ్గించాలి.

రెండో రోజు జూ. 1838లో మొదలైన ఆర్టిస్ జూ ఊరికి తూర్పువైపు ప్లాంటాజ అనే పేటలో ఉంది. చిన్నపిల్లలతో వచ్చిన ప్రతి కుటుంబమూ ఆ వీధిలో దిగుతుంది. ఆ వీధి మీదే కొద్ది అడుగుల దూరంలో ఒక పాత నాటకశాల ముఖద్వారం, దాని ఎదురుగా ఒకప్పుడు శిశు సంరక్షణ కేంద్రం ఉన్న చోటు ఉన్నాయి. నాటకశాల పేరు హాలండ్‌షె స్కౌబర్గ్.

1940 మేలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ని ఆక్రమించింది. అప్పటికి ఆమ్‌స్టర్‌డామ్‌లో 80 వేల మంది దాకా యూదులున్నారు. 1941 సెప్టెంబర్‌లో యూదుల పిల్లల్ని వేరే బడులకి మార్చారు. అదే నెలలో పార్కులు, జూలు, మ్యూజియంలు, లైబ్రరీలు వాళ్ళకి నిషేధించారు. అంటే మేము మూడు రోజుల్లో తిరిగిన చోట్ల జాబితా, దాదాపు ఉన్నదున్నట్టుగా, ఆ పిల్లలకి మూసేసిన చోట్ల జాబితా. ఆ మర్నాడు కూడా ఇళ్ళలో గారాబాలు అలాగే ఉండి ఉంటాయి. సంస్కృతి ఎక్కడికీ పోలేదు. ఉత్తర్వు ఒకటి వచ్చింది, దాన్ని అమలు చేసే గుమాస్తాలు, పోలీసులు దొరికారు.

1942 వేసవి నుంచి ఆ నాటకశాలని, శిబిరాలకి పంపబోయే యూదుల్ని బంధించి ఉంచే చోటుగా వాడారు. పిల్లల ఏడుపు గోల పడలేక వాళ్ళని ఎదురుగా ఉన్న శిశు కేంద్రంలో పెట్టారు. ఆ కేంద్రాన్ని నడుపుతున్న హెన్రియెట్ పిమెంటెల్, నాటకశాలలో లెక్కలు చూసే వాల్టర్ సుస్కింట్, శిశు కేంద్రం పక్కనే ఉన్న ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధిపతి యోహన్ వాన్ హుల్స్ట్, వీళ్ళు ముగ్గురూ, వీళ్ళతో పాటు ఆయాలు, విద్యార్థులు కలిసి సుమారు 600 మంది పిల్లల్ని బయటికి దాటించారు. ముందు జాబితాలోంచి పిల్లవాడి పేరు మాయమవ్వాలి. తర్వాత బుట్టలోనో సంచిలోనో వాణ్ణి పెరటి కంచె మీదుగా కళాశాలలోకి అందించాలి. వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే ట్రామ్ బండి వచ్చి కాపలావాళ్ళకి అడ్డుగా నిలిచే క్షణం కోసం చూసేవాళ్ళు. పిమెంటెల్‌ని 1943లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. సుస్కింట్ 1945లో చనిపోయాడు. వాన్ హుల్స్ట్ 107 ఏళ్ళు బతికి 2018లో పోయాడు. ఆ కళాశాల భవనం ఇప్పుడు జాతీయ హోలోకాస్ట్ మ్యూజియంలో భాగం. అది 2024 మార్చిలో తెరుచుకుంది.

జూ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో 2021లో కట్టిన నామాల స్మారకం ఉంది. డేనియల్ లిబెస్‌కిండ్ రూపకల్పన. లక్షా రెండు వేలకు పైగా ఇటుకలు, ఒక్కో ఇటుక మీద ఒక పేరు, పుట్టిన తేదీ, చనిపోయేనాటికి వయసు. మా వాడికి అప్పుడప్పుడే అంకెలు చదవడం మహా సరదా. గోడ వెంట నడుస్తూ వయసులు చదువుతూ పోయాడు. 43, 71, 19. ఒక చోట 6 దగ్గర ఆగి, “నా అంతే” అన్నాడు. ఎందుకు రాశారని అడిగాడు. వీళ్ళని కొంతమంది చెడ్డవాళ్ళు ఊళ్ళోంచి తీసుకెళ్ళిపోయారు, కొంతమంది టీచర్లు కొందరు పిల్లల్ని దాచి కాపాడారు, మిగిలినవాళ్ళని మర్చిపోకూడదని పేర్లు రాశారు, అని చెప్పాను. ఆరేళ్ళవాడికి అంతకన్నా ఎక్కువ చెప్పక్కర్లేదు, అంతకన్నా తక్కువా చెప్పకూడదు అని నా ఉద్దేశం.

ఇక ఆటస్థలాలు. 1944-45 చలికాలంలో తిండీ బొగ్గూ లేక ఆ దేశంలో సుమారు 20 వేల మంది చనిపోయారు. ఆమ్‌స్టర్‌డామ్ జనం పొయ్యిలోకి కర్ర కోసం యూదులు వెళ్ళిపోగా ఖాళీ అయిన ఇళ్ళలోని దూలాలు, మెట్లు, తలుపులు ఊడబెరుక్కున్నారు. ఆసరా పోయిన ఇళ్ళు కూలిపోయాయి. యుద్ధం ముగిసేసరికి పాత పేటల్లో వరస ఇళ్ళ మధ్య పన్ను ఊడినట్టు ఖాళీలు. ఇంకోపక్క యుద్ధం తర్వాత పుట్టిన పిల్లల సంఖ్య పెరిగిపోతోంది, వాళ్ళకి ఆడుకోవడానికి వీధి తప్ప వేరే దిక్కులేదు.

నగర ప్రణాళికా విభాగంలో యాకోబా ముల్డర్ అనే ఆవిడ ప్రతి పేటకీ ఒక చిన్న ఆటస్థలం ఉండాలని పట్టుబట్టింది. ఆ పని కొత్తగా చేరిన ఆల్డో వాన్ ఐక్ అనే కుర్ర ఆర్కిటెక్ట్‌కి అప్పగించారు. 1947లో బెర్టెల్‌మన్‌ప్లైన్ అనే చిన్న కూడలిలో మొదటిది వచ్చింది. ఒక కాంక్రీటు ఇసుక గుంట, అందులో గుండ్రటి దిమ్మలు, పల్టీలు కొట్టడానికి వంచిన ఇనుప కడ్డీలు, పెద్దవాళ్ళకి బెంచీలు. అంతే. అది చూసి మిగతా పేటల జనం మాకూ కావాలని కార్పొరేషన్‌కి ఉత్తరాలు రాశారు. 1978 దాకా వాన్ ఐక్ 700లకు పైగా ఆటస్థలాలు రూపొందించాడు. వాటిలో కొన్ని ఇళ్ళ మధ్య ఖాళీల్లో వచ్చాయి. తర్వాత సొంతదారులో, కొత్త రోడ్లో, భవనాలో చాలావాటిని మింగేశాయి.

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఆ రూపకల్పన నన్ను బాగా ఆకట్టుకుంది. ఏనుగు బొమ్మలు, గుర్రం బొమ్మలు లేవు. ఏనుగు బొమ్మ మీద పిల్లలు ఏనుగు సవారీ ఒక్కటే చేస్తారు, ఒక వంచిన కడ్డీ మీద ఏదైనా చేస్తారు. కొద్ది రకాల భాగాలు, ప్రతి చోటా వేరే అమరిక. మేము ప్రోగ్రామింగ్‌లో ఎన్నేళ్ళు తిరిగినా సరిగ్గా చేయలేని పని అది. చాలాచోట్ల చుట్టూ కంచె లేదు. ఊరు ఎక్కడ ఆగి ఆటస్థలం ఎక్కడ మొదలవుతుందో తెలియకూడదని వాన్ ఐక్ అభిప్రాయం. రైక్స్‌మ్యూజియం తోటలో ఆయన చేసిన కడ్డీ పరికరాలు కొన్ని పెట్టారు. లోపల ముట్టుకోకూడని బొమ్మరిల్లు, బయట ఎక్కి తొక్కగలిగే కళాఖండం. మా పాప గంటసేపు దిగలేదు.

కంచె లేని ఆటస్థలం బాగానే ఉంది, దాని పక్క వీధిలో కార్లు లేకపోతే. 1950ల తర్వాత నెదర్లాండ్స్‌లో కూడా కార్లు వెల్లువలా వచ్చాయి. 1954లో ఆమ్‌స్టర్‌డామ్ పోలీసు అధిపతి కాస్‌యాగర్ ట్రాఫిక్ కోసం కొన్ని కాలువల్ని పూడ్చేద్దామన్నాడు. 1971లో ఆ దేశపు రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని ప్రమాదంలో పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడు 1972లో ‘డె టైడ్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షిక ‘స్టాప్ డె కిండర్‌మోర్డ్’, అంటే పిల్లల హత్యల్ని ఆపండి. ప్రమాదాలు అనలేదు, హత్యలు అన్నాడు. ఆ పేరుతోనే ఉద్యమం వచ్చింది. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని సైకిళ్ళ మీద ఊరేగింపులు తీశారు, రోడ్లకి అడ్డంగా కూర్చున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డె పైప్ అనే ఇరుకైన పేటలో పిల్లలే సంతకాలు సేకరించి తమ వీధిలో కార్లు ఆపాలని అడిగారు. 1972లో టెలివిజన్ వాళ్ళు దాన్ని చిత్రీకరించారు కూడా.

1973 నవంబర్‌లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు నడపడం నిషేధించారు. ఖాళీ రోడ్ల మీద పిల్లలు స్కేట్లు వేసుకుని తిరిగారు. రోడ్డు ఇలాక్కూడా ఉండొచ్చని జనం కళ్ళారా చూశారు. 1976లో ‘వోన్‌ఎర్ఫ్’ చట్టంలోకి ఎక్కింది. నివాస వీధిలో కారు మనిషి నడక వేగంతోనే పోవాలి, పిల్లలు రోడ్డు మొత్తం వాడుకుని ఆడుకోవచ్చు. నీలం బోర్డు మీద ఒక ఇల్లు, ఒక పెద్ద మనిషి, బంతితో ఒక పిల్లాడు, ఓ మూలన కారు. ఆ బొమ్మలో ఎవరికి ఎంత చోటో చూస్తే చట్టం చదవక్కర్లేదు.

ఇప్పుడు ‘సంస్కృతి’ జవాబు దగ్గరికి మళ్ళీ వస్తే, అది నాకు ఎందుకు నచ్చదో చెప్పగలను. అది ఆ తల్లిదండ్రుల కోపాన్ని, ముల్డర్ పట్టుదలని లెక్కలోంచి తీసేస్తుంది. 1941లో పార్కు గేటుకి బోర్డు తగిలించిన వాళ్ళని కూడా లెక్కలోంచి తీసేస్తుంది. ఇంకో పని కూడా చేస్తుంది: మనల్ని తప్పిస్తుంది. విజయవాడలో మా వీధిలో ఇటుకలు వికెట్లుగా పేర్చి క్రికెట్ ఆడుకునేవాళ్ళం. ఇవాళ అదే వీధికి రెండు పక్కలా కార్లు ఆగి ఉంటాయి, మధ్యలోంచి బైకులు దూసుకుపోతాయి, పిల్లలు ఇళ్ళలో ఫోన్లు చూసుకుంటారు. కాలం మారింది అంటాం. కాలం దానంతట అది ఏ వీధిలోనూ కారు ఆపదు. ఆపనిచ్చింది మనం. పిల్లల మీద ప్రేమలో మనం ఎవరికీ తీసిపోం. ఆ ప్రేమతో ఇంటి లోపల అన్నీ అమర్చిపెట్టి, గుమ్మం దాటాక మాత్రం “చేయి వదలకు” అంటాం.

మూడు రోజుల్లో నేను ఆ మాట అనాల్సి వచ్చింది సైకిళ్ళ దారుల దగ్గరే. అక్కడ మాత్రం గట్టిగానే అన్నాను, డచ్ సైకిళ్ళు ఎవరి కోసమూ ఆగవు. మిగతా వీధుల్లో పాప ముందు పరిగెత్తింది, నేను వెనక నడిచాను. ఆ పరుగు కోసం యాభై ఏళ్ళ కిందట ఎవరో రోడ్డు మీద కూర్చున్నారు.