సర్కారీ వకీలు నుంచి పబ్లిక్ ప్రాసిక్యూటర్ దాకా: హైదరాబాదులో అభియోగ ధర్మం

హైదరాబాదు ఉర్దూలో ప్రభుత్వ న్యాయవాదిని 'సర్కారీ వకీల్' అంటారు. 'వకీల్' అరబీ మూలం గల మాట. ఇంకొకరి పక్షాన వ్యవహరించేవాడని దాని అర్థం. ముందు 'సర్కారీ' చేరితే ఆ ఇంకొకరు ఎవరో తేటతెల్లమవుతుంది. 'పబ్లిక్ ప్రాసిక్యూటర్' అనే పదబంధంలో సర్కారు లేదు, ప్రజ ఉంది. తెలుగు పత్రికలు ఈ రెండో మాటను కూడా చాలాసార్లు 'ప్రభుత్వ న్యాయవాది' అనే రాస్తాయి. అనువాదంలో ప్రజ తప్పిపోయి సర్కారు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. దీన్ని అనువాదకుల అజాగ్రత్త అని తోసిపుచ్చలేం. నేరారోపణ చేసే న్యాయవాది ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న ఈ నగర చరిత్రలో ఎన్నడూ పూర్తిగా తేలలేదు. ఆ తేలనితనమే మాటల్లో నిలిచింది. ఈ ప్రశ్నను హైదరాబాదులో నడిచిన కొన్ని వ్యాజ్యాల ఆధారంగా పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. అందులోనూ ఎక్కువ భాగం తెలుగు కవిత్వం సాక్ష్యంగా న్యాయస్థానం మెట్లెక్కిన వ్యాజ్యానికే కేటాయిస్తున్నాను.

పాతబస్తీ దక్షిణపు కొసన, షా అలీ బండ దాటి ఫలక్‌నుమా వైపు వెళ్లే దారిలో జహనుమా ఉంది. 'జహాన్' అంటే లోకం, 'నుమా' అంటే చూపేది. పైగా అమీర్ల భవనం పేరే ఆ బస్తీకి స్థిరపడింది. నిజాం రాజ్యంలో పైగాలు కేవలం భూస్వాములు కారు. వారి ఇలాకాల్లో వారికి సొంత పోలీసు, సొంత న్యాయస్థానాలు ఉండేవి. పన్ను వసూలు చేసే చేయి, నేరం మోపే చేయి, తీర్పు చెప్పే చేయి ఒకే ఒంటికి చెందినవి. ఇటువంటి ఏర్పాటులో నేరారోపకుడి వృత్తిధర్మం అనే ఆలోచనకు తావే లేదు. వకీలు యజమాని మాట చెప్పాలి, అంతే. జహనుమా నుంచి ఉత్తరంగా కొద్ది కిలోమీటర్లు వెళితే మూసీ ఒడ్డున హైకోర్టు భవనం వస్తుంది. 1920లో అది ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం, 1921లో, న్యాయశాఖను పాలనాశాఖ నుంచి విడదీస్తూ ఏడవ నిజాం ఫర్మానా జారీ చేశాడు. బ్రిటిష్ ఇండియాలో అప్పటికి ఆ పని జరగలేదు కనుక ఈ ఫర్మానాను సంస్థానపు ఘనతగా చరిత్రకారులు చెప్పుకోవడం సబబే. అయితే ఆ విభజన న్యాయమూర్తిని విడదీసింది కాని వకీలును విడదీయలేదు. జాగీర్ల రద్దు నిబంధన 1949 ఆగస్టు 15న అమల్లోకి వచ్చేవరకు పైగాల అధికార పరిధి ఏదో ఒక రూపంలో మిగిలే ఉంది.

సరిగ్గా ఆ ఆగస్టు నెలలోనే, తెలంగాణ సాయుధ పోరాటానికి సంబంధించిన కేసుల్లో సైనిక పాలన నెలకొల్పిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు నల్లగొండ జిల్లా రైతులకు మరణశిక్షలు విధించాయి. అలా ఉరిశిక్ష పడినవారు పన్నెండు మంది. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు అప్పీళ్లను తోసిపుచ్చింది. నెలా పదిహేను రోజుల్లో భారత రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. జనార్దనరెడ్డి వర్సెస్ హైదరాబాదు రాజ్యం అన్న పేరుతో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. నిందితులకు న్యాయవాదిని పెట్టుకునే అవకాశం సరిగా దొరకలేదన్నది ముఖ్యమైన అభ్యంతరం. న్యాయవాది లేనంత మాత్రాన ప్రతి మరణశిక్ష కేసూ చెల్లకుండా పోదని 1951లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. తరువాత ఆ శిక్షలు యావజ్జీవానికి తగ్గాయి.

ఈ తీర్పును సాధారణంగా నిందితుడి హక్కు కోణం నుంచి చదువుతారు. ఎదుటి కుర్చీ వైపు నుంచి చదివితే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. ప్రతివాదికి వకీలు లేని గదిలో, ప్రాణం తీసే నేరం మోపుతున్న సర్కారీ వకీలు బాధ్యత ఏమిటి? అతనికి ప్రత్యర్థి లేడు. అతని సాక్షిని నిలదీసేవాడు లేడు. అటువంటప్పుడు నిందితుడికి అనుకూలంగా ఉన్న అంశాన్ని తానే న్యాయమూర్తి దృష్టికి తేవాలా? ఆనాటి వాదప్రతివాదాల్లో ఈ ప్రశ్నకు చోటు దక్కలేదు. సర్కారీ వకీలు సర్కారు మనిషే అన్న పాత అవగాహన అంత సహజంగా గాలిలో కలిసి ఉండేది.

మరో పదేళ్లకు జవాబు వచ్చింది, అదీ ఈ నగరంలోనే. 1956లో రాష్ట్రాలు కలిశాక ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు వదిలి మూసీ ఒడ్డు భవనానికి చేరింది. 1959లో మేడిచెట్టి రామకిష్టయ్య కేసులో ఆ న్యాయస్థానం ముందుకొచ్చిన వివాదం పైకి చూస్తే చిన్నది. ఫిర్యాది పెట్టుకున్న ప్రైవేటు న్యాయవాది పబ్లిక్ ప్రాసిక్యూటర్ స్థానంలో కేసు నడపవచ్చా అన్నదే. నడపరాదంది న్యాయస్థానం. ఫిర్యాదికి కసి ఉండవచ్చు, అతని డబ్బు తీసుకున్న న్యాయవాదికి ఆ కసి సోకవచ్చు. ప్రాసిక్యూటర్‌కు మాత్రం శిక్ష పడేట్టు చేయాలన్న ఆత్రుత ఉండకూడదు, నిందితుడి పట్ల కూడా న్యాయంగా ఉండాలి, నేరారోపణ వేధింపుగా మారరాదు అని ఆ తీర్పు సారాంశం. నలభై ఏళ్ల తరువాత 1999లో శివకుమార్ వర్సెస్ హుకుంచంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పును ఆమోదపూర్వకంగా ఉటంకించింది. ఈ మధ్యకాలంలో బార్ కౌన్సిల్ నియమాలలోనూ ఇదే భావం చోటు చేసుకుంది: నిర్దోషికి శిక్ష పడేలా కేసు నడపరాదు, నిర్దోషిత్వాన్ని రుజువు చేయగల ఆధారాన్ని దాచరాదు. దేశమంతటా న్యాయ విద్యార్థులు వల్లించే సూత్రానికి ఒక ముఖ్యమైన మూలం పాతబస్తీ అంచున రాసిన తీర్పు కావడం గమనించదగినది.

సూత్రం చెప్పడం ఒకటి, దానికి పరీక్ష రావడం ఒకటి. పరీక్ష కవిత్వం రూపంలో వచ్చింది.

1971లోనే దానికి రిహార్సల్ జరిగింది. నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను పీడీ చట్టం కింద నిర్బంధించినప్పుడు వారి కవిత్వమే ప్రధాన కారణంగా చూపారు. హైకోర్టు వారిని విడుదల చేసింది. 1974 మేలో సికింద్రాబాదు కుట్ర కేసులో విప్లవ రచయితల సంఘం సభ్యులు అరెస్టయ్యారు. నిందితుల్లో చెరబండరాజు తెలుగు ఉపాధ్యాయుడు, వరవరరావు తెలుగు అధ్యాపకుడు. కె.వి. రమణారెడ్డి గురజాడ మీద 'మహోదయం' రాసిన పరిశోధకుడు. త్రిపురనేని మధుసూదనరావు విమర్శకుడు, అధ్యాపకుడు. ఎం.టి. ఖాన్ పాత్రికేయుడు. అంటే తెలుగు శాఖల్లో కూర్చుని మనం చేసే పనే చేసేవాళ్లు బోనులో నిలబడ్డారు. వారి కవితలు, ఉపన్యాసాలు, సంఘ ప్రచురణలు ప్రభుత్వాన్ని కూలదోసే కుట్రకు సాక్ష్యాలుగా చేరాయి.

ఇక్కడ ప్రాసిక్యూటర్ ముందున్న ధర్మసంకటాన్ని సాహిత్య పరిభాషలోనే చెప్పవచ్చు. శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు వృత్తులున్నాయని మన అలంకారికులు చెప్పారు. అభియోగపత్రానికి అభిధ ఒక్కటే తెలుసు. 'లే', 'మార్చ్' అన్నవి ఆ కాలపు విప్లవ కవితా సంకలనాల పేర్లు. విమర్శకుడు ఆ విధ్యర్థక క్రియను సంబోధనగా, ఒక కాలపు ఆవేశంగా, ఛందోముక్తమైన కవిత వెతుక్కున్న లయగా చదువుతాడు. ప్రాసిక్యూటర్ దాన్ని ఆదేశంగా చదివితే, ఆదేశానికి ఒక కర్త, ఒక శ్రోత, ఒక నేరం కావాలి. కవితలోని 'నేను' కవి అవుతాడు, 'నువ్వు' తుపాకీ పట్టిన ఎవరో ఒకరవుతాడు. అభిధకు ఉన్న బలం తక్కువేం కాదు. కవి తన మాటను నిజంగానే ఉద్దేశించానని చెప్పుకుంటాడు కూడా. విప్లవ కవులు తమది కేవలం అలంకారమని ఎన్నడూ తప్పించుకోలేదు. కనుక 'ఇది కవిత్వమే కదా' అన్న సమర్థనతో ఈ కేసు తేలదు. ఆ సమర్థన చేసేవారు కవులకు మేలు చేశామనుకుంటారు గాని, నిజానికి వారి మాటను పలుచన చేస్తారు.

తేలేది మరోచోట. కుట్ర అంటే రహస్యపు ఒప్పందం. అప్పటి సాక్ష్య చట్టం 10వ సెక్షన్ ప్రకారం కుట్రదారుల్లో ఒకరి మాటను మిగిలినవారి మీద ప్రయోగించాలంటే, అసలు అటువంటి ఒప్పందం ఉందని నమ్మడానికి తగిన ఆధారం ముందు కనబడాల్సి ఉండేది. అచ్చు వేసి, ధర పెట్టి, అంగడిలో అమ్మిన పుస్తకం బహిరంగ వస్తువు. దానినుంచి రహస్యాన్ని రాబట్టాలంటే కవితకు వెలుపల ఏదో ఒక ఆధారం ఉండాలి. ఆ వెలుపలి ఆధారం తన చేతిలో ఉందా లేదా అన్నది అందరికంటే ముందు తెలిసేది ప్రాసిక్యూటర్‌కే. 1959 నాటి తీర్పు అతనిమీద పెట్టిన బరువు సరిగ్గా ఇదే. పోలీసులు తెచ్చిన కట్టను న్యాయస్థానం ముందు పరచడానికి ముందు తాను చదవాలి, పూర్తిగా చదవాలి. చదవడం అతని వృత్తిధర్మంలో భాగం. మనం దాన్ని సాహిత్య వృత్తిగా మాత్రమే అనుకుంటాం.

కేసు 1989 ఫిబ్రవరి దాకా సాగింది. దాదాపు పదిహేనేళ్లు. చివరికి రచయితలు నిర్దోషులుగా విడుదలయ్యారు. చెరబండరాజు ఆ తీర్పు వినలేదు, 1982లోనే క్యాన్సర్‌తో చనిపోయాడు.

ఈ పదిహేనేళ్లలో కేసును ఉపసంహరించే అధికారం చట్టరీత్యా ఎవరి చేతిలో ఉంది? ప్రభుత్వం చేతిలో కాదు, ప్రాసిక్యూటర్ చేతిలో. 1974 ఏప్రిల్ 1న, అంటే ఆ అరెస్టులకు కొద్ది వారాల ముందు, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమల్లోకి వచ్చింది. దాని 321వ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూటర్ న్యాయస్థానం అనుమతితో కేసు వదులుకోగలిగేవాడు. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారాక జార్జి ఫెర్నాండెజ్ తదితరులపై ఉన్న బరోడా డైనమైట్ కేసును ఈ సెక్షన్ కిందనే ఉపసంహరించారు. ఆ ఉపసంహరణపై వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు 1980లో తీర్పు రాసింది మన హైకోర్టు నుంచి అక్కడికి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ప్రభుత్వం సలహా ఇవ్వవచ్చు కాని నిర్ణయం ప్రాసిక్యూటర్‌దే, అతడు స్వయంగా ఆలోచించాలి అన్నాడాయన. ప్రజాందోళనలు, ప్రాంతీయ వివాదాలు, విద్యార్థి ఉద్యమాల నుంచి పుట్టిన కేసులను ప్రజాప్రయోజనం కోసం వదులుకోవడం సబబైన సందర్భాలుంటాయని కూడా గుర్తించాడు. ఒకే చట్టం, ఒకే సెక్షన్. బరోడాలో డైనమైట్ ఆరోపణ ఉన్న కేసు మూడేళ్లు నిండకముందే ముగిసింది. సికింద్రాబాదులో కవితలు సాక్ష్యంగా ఉన్న కేసు మరో పన్నెండేళ్లు నడిచింది. ఈ తేడాకు కారణం ప్రాసిక్యూటర్ల వివేకంలో కంటే ఢిల్లీలో ప్రభుత్వం మారి, హైదరాబాదులో ఆనాడు మారకపోవడంలో ఉందనుకోవడమే చరిత్రకు దగ్గరగా ఉంటుంది. 1983లో ఇక్కడా మారింది, కేసు మాత్రం ఆగలేదు. రాజ్యం తన కేసును ఒక పార్టీ నుంచి మరో పార్టీకి వారసత్వంగా అప్పగించగలదని అది చూపుతుంది.

నిర్దోషిగా విడుదల చేయడమే న్యాయమనుకుంటే పొరపాటు. జహనుమాకు ఉత్తరంగా, చార్మినార్ పక్కన ఉన్న మక్కా మసీదులో 2007 మే 18 శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. దర్యాప్తు నగర పోలీసుల నుంచి సీబీఐకి, అక్కడి నుంచి ఎన్ఐఏకి మారింది. మొదట పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకుని వేరే కేసుల్లో ఇరికించారు, వాటిలో వారు విడుదలయ్యారు. తరువాత అభియోగం ఎదుర్కొన్న మరో వర్గం వారిలో ఐదుగురిని 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులంది. ఒక కేసులో మితిమీరిన ఆత్రుత, మరో కేసులో నిలవని సాక్ష్యం. 1959 తీర్పు ఆత్రుతను నిషేధించింది కాని అలసత్వాన్ని అనుమతించలేదు. చనిపోయినవారి కుటుంబాలకు కూడా ప్రాసిక్యూటర్ జవాబుదారీయే. 'పబ్లిక్' అన్న మాటలో వారూ ఉన్నారు. నిందితుడి హక్కుల వైపు నిలబడి రాసే మనలాంటివారు ఈ సగాన్ని తరచూ వదిలేస్తుంటాం.

నియామకాల సంగతి ఒక్క మాటలో ముగించవచ్చు. ప్రాసిక్యూటర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ఉత్తరప్రదేశ్‌లో జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒక్క ఉత్తర్వుతో తొలగించినప్పుడు, అది చెల్లదని 1990లో శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు అంది. పదవి ప్రభుత్వ అనుగ్రహం మీద ఆధారపడినంత కాలం 'సర్కారీ' విశేషణం ఊడిపోదు.

తెలుగు కథాసాహిత్యంలో ఈ పాత్ర జాడ వెతికితే ఒక విశేషం కనిపిస్తుంది. ప్లీడర్లకు కొదవ లేదు. 'కన్యాశుల్కం' నిండా వారే. స్వయంగా న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు'లో పోలీసులున్నారు, దొంగ సాక్షులున్నారు, 'మాయ' కథలో కోర్టు గుట్టు తెలిసిన ముత్యాలమ్మ ఉంది. ప్రాసిక్యూటర్‌కు మాత్రం ముఖం లేదు. దీన్ని రచయిత లోపంగా చూపే విమర్శకులు 1898 నాటి పాత కోడ్‌లోని 495వ సెక్షన్ చూడాలి. దాని ప్రకారం మేజిస్ట్రేటు కోర్టుల్లో పోలీసు అధికారే ప్రాసిక్యూషన్ నడపవచ్చు. దర్యాప్తు చేసిన అధికారే నడపరాదన్న అడ్డు ఉండేది. ఆ పద్ధతిని మాన్పించాలని లా కమిషన్ 1958లో సిఫారసు చేసింది. అది చట్టమైంది 1974లో. సారా కథలు వచ్చింది 1960ల తొలినాళ్లలో. ఆ కథల్లో ప్రాసిక్యూటర్ పోలీసు యూనిఫారంలో ఉన్నాడు.