గ్రామాధికారి పదవుల రద్దు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ వంటి పార్ట్‌టైమ్ గ్రామ పదవులను 1984లో ప్రభుత్వం తొలగించింది. రెవెన్యూ పాలనలో ఇది పెద్ద మలుపు. ఖజానా వ్యయంపైనా దీని ప్రభావం చాలాకాలం నిలిచింది.

పూర్వ వ్యవస్థ: శతాబ్దాల పాటు గ్రామాధికారుల భృతి ఈనాం భూములు, మేరల (పంటలో వాటాల) రూపంలో ఊరి నుంచే వచ్చేది. మద్రాసు ప్రభుత్వం 1864 చట్టంతో శిస్తు రూపాయికి అణా వరకు గ్రామ సెస్సు విధించి ఈ ఖర్చుకు వాడింది. 1895 చట్టం ఈ పదవులపై వంశపారంపర్య హక్కును గుర్తించింది. గుంటూరు జిల్లా పెరవలిపాలెం మునసబు పదవి వివాదంలో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో ఆ హక్కు రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది.

రద్దు: 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసింది. అడంగల్ (సాగు వివరాల రిజిస్టరు), శిస్తు లెక్కలు కొన్ని కుటుంబాల గుప్పిట్లో ఉండే పద్ధతికి స్వస్తి పలికిన సాహసోపేత నిర్ణయమిది. తమిళనాడు 1980లోనే ఇలాంటి చర్య తీసుకోగా, 1982లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సును కూడా 1985 మార్చిలో టి. వెంకటరెడ్డి కేసులో సమర్థించింది. ఆ ఏడాదే తాలూకాల స్థానంలో 1,100కు పైగా మండలాలు ఏర్పడ్డాయి.

వ్యయం: పాత గ్రామాధికారులు స్వల్ప పారితోషికంపై పనిచేసేవారు. పదవులు పోయినా పహాణీ (అడంగల్) రాయడం, శిస్తు వసూలు, ధ్రువపత్రాల విచారణ ఆగలేదు. వాటికి పూర్తికాలపు జీతగాళ్లు అవసరమయ్యారు. అందువల్ల రద్దుతో ఖజానాకు పెద్దగా మిగిలిందేమీ లేదు. ప్రజలకు దక్కిన లాభం మాత్రం విలువైనది: గ్రామోద్యోగం ఆచరణలోనూ వారసత్వపు ఆస్తి కాకుండా పోయింది.

తర్వాతి దశలు: 1990 దశకంలో గ్రామ పరిపాలనాధికారులు వచ్చారు. 2002లో ఆ విధులను పంచాయతీ కార్యదర్శులకు అప్పగించారు. 2007లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ ఏర్పడింది.

తెలంగాణ: అవినీతి ఆరోపణల నేపథ్యంలో 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారి పదవులను చట్టం ద్వారా రద్దు చేశారు. అప్పటికి పనిచేస్తున్న ఐదు వేల మందికి పైగా ఉద్యోగులను 2022లో ఇతర శాఖల్లో సర్దారు. జీతాల భారం శాఖ మారిందే తప్ప తగ్గలేదు. గ్రామస్థాయిలో రెవెన్యూ సిబ్బంది లేని లోటు తీర్చడానికి 2025లో గ్రామ పాలనాధికారులను నియమించారు.