భూపతిరాజు సోమరాజు: పంజాగుట్టలో గుండె వైద్యం

భూపతిరాజు సోమరాజు (జననం 1948) హైదరాబాదుకు చెందిన హృద్రోగ నిపుణుడు. స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లా. పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే నిమ్స్‌లో ఆచార్యుడిగా పనిచేశారు. ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి చేసే గుండె చికిత్సను తెలుగునాట అలవాటు చేసిన తొలితరం వైద్యుల్లో ఒకరు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. క్షిపణి శాస్త్రవేత్త ఏ.పి.జె. అబ్దుల్ కలాంతో కలిసి రూపొందించిన కలాం-రాజు స్టెంటు వల్ల ఆయన పేరు ఆసుపత్రుల బయట కూడా వినిపించింది.

ఆయన పనిచేసిన నిమ్స్ గుండె కోసం పుట్టిన ఆసుపత్రి కాదు. నిజాం ధర్మాదాయ ట్రస్టు సొమ్ముతో 1964లో మొదలైన నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రి అది. విరిగిన కాళ్లు, పోలియో కాళ్లు, వెన్నెముకలు దాని పని. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు దాన్ని పెద్ద ఆసుపత్రిగా మార్చాలనుకున్నారు. అమెరికాలో స్థిరపడిన రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావును పిలిపించి డైరెక్టరును చేశారు. 1989లో శాసనసభ చట్టంతో దానికి విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్ మధ్య ఆ ప్రాంగణం చుట్టూ మందుల దుకాణాలూ, రక్తపరీక్షల ల్యాబులూ, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు దిగే లాడ్జీలూ పెరిగాయి. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని, పాత చీటీలన్నీ ప్లాస్టిక్ సంచిలో మడిచి తెచ్చుకున్న రోగి బంధువు అక్కడ ఇప్పటికీ రోజూ కనిపిస్తాడు.

నిమ్స్ పెరుగుతున్న ఆ రోజుల్లో గుండె జబ్బంటే చాలామటుకు రెండు రకాలు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్లవాతంగా మారి, చివరికి గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జబ్బు మొదటిది. అది పేదిళ్ల జబ్బు, ఆడపిల్లల్ని ఎక్కువగా పట్టేది. గుండెకు రక్తం తెచ్చే కరోనరీ నాళాల్లో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోవడం రెండోది. రెండింటికీ శస్త్రచికిత్స ఉంది గానీ, డబ్బున్నవాళ్లు వెల్లూరో మద్రాసో వెళ్లి చేయించుకునేవారు. లేనివాళ్లు మాత్రలతో నెట్టుకొచ్చేవారు.

ఈ లోపు ప్రపంచంలో ఇంకో దారి తెరుచుకుంది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి రక్తనాళంలోంచి గొట్టాన్ని తన గుండెలోకే తోసుకుని, నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. పై అధికారులు మండిపడ్డారు, నోబెల్ మాత్రం 1956లో వచ్చింది. 1977 సెప్టెంబరులో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూన్‌జిగ్ అలాంటి గొట్టం చివర బుడగ అమర్చి, మూసుకున్న కరోనరీ నాళాన్ని వెడల్పు చేశాడు. అదే యాంజియోప్లాస్టీ. 1986లో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో జాక్ ప్యుయెల్ తొలిసారి మనిషి కరోనరీ నాళంలో స్టెంటు పెట్టాడు.

ఈ చికిత్స చేసే గదిలో, అంటే క్యాథ్ ల్యాబులో జరిగేది చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో చర్మం మొద్దుబారేలా సూది ఇస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. గొట్టం గుండె దాకా వెళ్లాక రంగు మందు పంపితే, నల్లటి కొమ్మల్లా కరోనరీ నాళాలు తెరమీద కనబడతాయి. కొమ్మ సన్నబడిన చోటే బ్లాకు. వెంట్రుకకన్నా మందమున్న సన్నటి తీగను ఆ ఇరుకులోంచి దాటించి, దానిమీదుగా బుడగను జరిపి, కొన్ని క్షణాలు ఉబ్బిస్తారు. ఆ క్షణాల్లో రోగికి ఛాతీ బరువెక్కుతుంది. డాక్టరు “ఏం ఫర్వాలేదు, ఇప్పుడే తగ్గిపోతుంది” అంటూనే తెరవైపు చూస్తుంటాడు. ఒక్క బుడగతోనే సరిపెడితే చాలామందిలో కొన్ని నెలలకే నాళం మళ్లీ ముడుచుకుపోతుంది. ముడుచుకోకుండా నిలబెట్టే సన్నటి లోహపు జాలీయే స్టెంటు. వ్యాసం సుమారు 3 మిల్లీమీటర్లే.

అంత చిన్న వస్తువు 1990ల తొలి ఏళ్లలో మొత్తం దిగుమతే. చికిత్స నేర్చిన డాక్టరున్నాడు, యంత్రముంది, రోగి బల్లమీదే ఉన్నాడు. స్టెంటు కొనే డబ్బు మాత్రం లేదు. సోమరాజు ఘనతను చేసిన యాంజియోప్లాస్టీల లెక్కతో కొలవడం నాకు సరిగా తోచదు. ఈ జాలీ ఇంత ఖరీదెందుకు, ఇక్కడ ఎందుకు తయారుకాదు అని పట్టుబట్టడంలోనే ఆ ఘనత ఉంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్లు అదే ఊళ్లో, కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలల్లో ఉన్నారు.

కలాం 1982లో రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా హైదరాబాదు వచ్చారు. నిమ్స్‌తో ఆయనకు సంబంధం కలిసింది గుండె వల్ల కాదు, కాళ్ల వల్ల. అక్కడి ఎముకల డాక్టరొకరు అగ్ని క్షిపణికి వాడే తేలికపాటి పదార్థాన్ని ప్రయోగశాలలో చేత్తో ఎత్తి చూసి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. మూడు కిలోలకు పైగా బరువున్న ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పోలియో పిల్లల్ని చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలో ఎంతో ఆనందమిచ్చిన పని ఇదని కలాం తర్వాత చాలా సభల్లో చెప్పారు. రక్షణ పరిజ్ఞానాన్ని ఆసుపత్రులకు మళ్లించడానికి 1993లో బయోమెడికల్ టెక్నాలజీ సొసైటీ ఏర్పడింది. స్టెంటు పని ఈ వాతావరణంలోనే సాగింది. శరీరంలో తుప్పు పట్టని, నాళం గోడకు రాపిడి కలిగించని ఉక్కు కావాలి. ఉబ్బిస్తే తెరుచుకోవాలి, బుడగ తీసేశాక వెనక్కి ముడుచుకోకూడదు. లోహాలతో పనిచేసేవాళ్లకు ఇవి తెలిసిన చిక్కులే. కలాం-రాజు స్టెంటు 1998లో లోకానికి తెలిసింది. దిగుమతి సరుకుకన్నా బాగా చవక.

ఆ స్టెంటును అతిగా పొగడక్కర్లేదు. 2002 తర్వాత మందు పూసిన స్టెంట్లు బజారులోకి వచ్చి, నాళం మళ్లీ మూసుకుపోవడాన్ని బాగా తగ్గించడంతో, పూత లేని ఉక్కు జాలీల కాలం ప్రపంచమంతటా క్రమంగా ముగిసింది. ఇక్కడా చేయొచ్చని చూపించడమే దాని పాత్ర, ఆ పాత్ర చిన్నది కాదు.

స్టెంటు బయటికి రాకముందే, 1997లో సోమరాజు మరికొందరు హృద్రోగ నిపుణులతో కలిసి నాంపల్లిలో కేర్ ఆసుపత్రిని స్థాపించారు. తర్వాత అది పంజాగుట్టకు పక్కనే ఉన్న బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు దాకా విస్తరించింది. ప్రభుత్వ సంస్థల్లో చేయి తిరిగిన నిపుణులు ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లడం ఆ దశాబ్దంలో మామూలైపోయింది. దీనివల్ల నగరంలో గుండె చికిత్స బాగా పెరిగింది, ప్రభుత్వ వార్డుల్లో అనుభవం పలచబడింది. ఒకటి చెప్పి రెండోది దాటవేయడం న్యాయం కాదు.

నిమ్స్‌లో శస్త్రచికిత్స వైపు దాసరి ప్రసాదరావు పేరు చెప్పాలి. గుండె ఆపరేషన్ ఖర్చు తగ్గించడానికి కృషి చేసిన ఆయనకూ 2001లోనే పద్మశ్రీ వచ్చింది. తర్వాత సంస్థకు డైరెక్టరయ్యారు. గుండె మార్పిడిలోనూ తెలుగువాళ్ల పేర్లున్నాయి. దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన పి. వేణుగోపాల్‌ది రాజమండ్రి. గుండె శస్త్రవైద్యుడు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే 2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో గుండె మార్పిడి చేశారు. మరణించినవారి అవయవాలను తెలంగాణలో కేటాయించే జీవన్‌దాన్ పథకం నిమ్స్ నుంచే నడుస్తుంది. 2021 ఫిబ్రవరి 2న నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు ఒక దాత గుండెను మెట్రో రైల్లో పంపారు. ఎక్కడా ఆగకుండా అమీర్‌పేట మీదుగా 21 కిలోమీటర్లు అరగంట లోపే దాటింది. అవతల మార్పిడి చేసింది గోఖలేయే.

2012లో కలాం, సోమరాజు మళ్లీ జతకట్టి, పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు వాడేందుకు గట్టి టాబ్లెట్ కంప్యూటరును రూపొందించారు. అదీ కలాం-రాజు పేరుతోనే వచ్చింది.

ఖర్చు సంగతిని ప్రభుత్వాలు రెండు వైపుల నుంచి పట్టుకున్నాయి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం, తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా భరించింది. దాంతో బైపాస్ శస్త్రచికిత్స, స్టెంటు పేదలకూ అందాయి. కేంద్రం 2017 ఫిబ్రవరిలో ధరలకు హద్దు పెట్టింది: పూత లేని స్టెంటు 7,260 రూపాయలు, మందు పూసినది 29,600. పన్నులు అదనం. గొట్టాలు, బుడగలు మాత్రం ఆ ఉత్తర్వు కిందికి రాలేదు.