ముద్రణ యంత్రమునకు దుబాసి

పాత వరుస ముద్రణ యంత్రములలో అక్షరములు లోహముపై పోతపోసి యుండెడివి. కంప్యూటరు ఒక సంఖ్యను పంపిన, దానికి తగిన అక్షరము కాగితముపై పడెడిది. అప్పుడు దుబాసి అవసరము అంతగా లేదు.

1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు, డగ్లస్ మెకిల్‌రాయ్ సూచనపై కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థలో ‘పైపు’ను అమర్చెను. ఒక ప్రోగ్రాము వెలువరించినదానిని మరియొకటి దీని ద్వారా అందుకొనును. నడుమ నిలిచి, వచ్చినదానిని మార్చి ముందుకు పంపునదే ‘ఫిల్టరు’. పేరునకు వడపోత; ముద్రణలో మాత్రము దాని పని దుబాసిది.

1984లో అడోబి సంస్థ ‘పోస్ట్‌స్క్రిప్ట్’ అను పుటల వర్ణన భాషను వెలువరించెను. మరుసటి సంవత్సరము ఆపిల్ వారి లేజర్ ప్రింటరు ఆ భాషతో వచ్చెను. ఆ భాష నేర్చిన యంత్రములు, నేర్వనివి అని ప్రింటర్లు రెండు తెగలయ్యెను. 1988లో పీటర్ డాయిచ్ రచించిన ‘ఘోస్ట్‌స్క్రిప్ట్’ నేర్వని యంత్రములకై ఆ వర్ణనను చుక్కలుగా మార్చిపెట్టెను.

అయితే ఏ ఫైలుకు ఏ ఫిల్టరు? పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు సాధారణముగా ‘%!’ అను రెండు గుర్తులతో ఆరంభమగును. ఫిల్టరు మొదట వానిని చూచును. అవి యున్నచో ఫైలును ఉన్నదున్నట్లు పంపును. లేనిచో మామూలు పాఠమని యెంచి మార్చును. ఈ పరీక్ష లేనిచో, ఒక్క పుటకు బదులు ఆ పుటను వర్ణించు ఆజ్ఞలే కాగితముల నిండ అచ్చగును.

వరంగల్లు జిల్లా నుండి 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన తొర్రూరులో, ఒక పాఠశాలయందు నాలుగు కంప్యూటర్లకు ఒకే ప్రింటరు కలదనుకొందము. ప్రశ్నపత్రములోని ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరమే. యూనికోడ్‌లో అది శకారము, పొల్లు, రకారము, ఈకార గుర్తు అను నాలుగు సంకేతములు. వానిని కూర్చి ఒక రూపము చేయుట తెలియని ఫిల్టరు వానిని విడివిడిగా అచ్చువేయును, లేదా ఖాళీ గడులను మిగుల్చును. ఇంగ్లీషు పుట చక్కగా వచ్చినంత మాత్రమున తెలుగు పుటయు వచ్చునని నమ్మరాదు.

1999లో మైకేల్ స్వీట్ రూపొందించిన ‘కప్స్’ వ్యవస్థ వెలువడెను. ఇది ఫైలు జాతిని కనుగొని, కావలసిన ఫిల్టర్లను తక్కువ శ్రమగల వరుసలో తానే కూర్చును. ఇటీవలి ప్రింటర్లలో పెక్కు, తమకు తెలిసిన భాషలను నెట్‌వర్కు ద్వారా తామే తెలుపుచున్నవి.

అయినను అడుగవలసిన ప్రశ్నలు మూడే: ఫైలులో ఏ భాష యున్నది? యంత్రమునకు ఏ భాష వచ్చును? మార్పు పంపు కంప్యూటరులో జరుగవలెనా, అందుకొను కంప్యూటరులోనా? మూడవదానిని మరచినచో పని ఎవరును చేయకపోవచ్చును, లేదా ఇద్దరును చేసి పాడుచేయవచ్చును.