నక్కవాగు ఒడ్డున మన దవాఖాన

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఊరి పటేలు గారి చావడిలో మొదలైంది. ఒక బల్ల, రెండు మందుల పెట్టెలు, టీకాలకు ఐసు నింపిన డబ్బా, అంతే. మొదటి డాక్టరు సారు బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి, పొలం గట్ల వెంట నడిచి వచ్చేవారు. రోగిని చూసే ముందు ఏ బావి నీళ్లు తాగుతున్నావని అడిగేవారు. ఆరోగ్య కార్యకర్తగా చేరిన నాకు క్లోరిన్ పరీక్ష స్వయంగా చేసి చూపించింది ఆయనే. ఆయన వెంట వచ్చిన నర్సమ్మ ఈ చుట్టుపట్ల మూడు తరాలకు బొడ్డు కోసింది. వాళ్లిద్దరికీ ఈ స్వర్ణోత్సవ సంచిక మొదటి పేజీ ఇచ్చినా తక్కువే.

మలేరియా మాత్రలు, కుష్ఠు సర్వేలు, కుటుంబ నియంత్రణ శిబిరాలతో తొలి ఏళ్లు గడిచిపోయాయి.

ఆలోగా పటాన్‌చెరులో, బొల్లారంలో ఫ్యాక్టరీలు లేచాయి. మందులు, రసాయనాలు తయారుచేసేవి. ఊళ్లో పిల్లలకు కొలువులొస్తాయని అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. ఎనభైల నడిమికి నక్కవాగు రంగు మారింది. మంజీరలో కలిసే వాగు అది. దాని నీళ్లు తాగిన చూడి బర్లు ఈసుకపోయాయి. వరి మడి మాడిపోయింది. తర్వాత బావులు వాసన పట్టాయి.

బావులు వాసన పట్టిన ఆ ఎండాకాలం నాకింకా కళ్లముందే ఉంది. మా చేతిలో ఉన్న ఆయుధం బ్లీచింగ్ పౌడరు ఒక్కటే. అది కలరా పురుగును చంపుతుంది, రసాయనాన్ని ఏం చేస్తుంది? అయినా పొద్దున్నే బావి బావికీ తిరిగి వేశాం. మర్నాడు ఒకామె బిందె తెచ్చి నర్సమ్మ ముందు దించింది. "మీరు మందేసినంక వాసన ఇంకెక్కువైంది, అమ్మా" అంది. నిజమే. కొన్ని రసాయనాలకు క్లోరిన్ తగిలితే కంపు ఇంకా పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరు సారు చెప్పేదాకా మాకు తెలియదు. కాచి తాగమందామంటే కాచినా లోహాలు పోవు. ఆరోజే సారు బావులు మూయించి, ఎడ్లబండ్ల మీద నీళ్లు తెప్పించారు.

దురదలు, కడుపునొప్పులు, నిలవని గర్భాలు. మా రిజిస్టరులో వీటికి గడి లేదు. నర్సమ్మ అన్నీ "ఇతరములు" కింద, ఇంటి నంబరుతో, ఏ బావి నీళ్లో కూడా రాసింది. నెల నెలా పైకి పంపాం. ఒక్క ప్రశ్న తిరిగి రాలేదు.

పటాన్‌చెరు డాక్టర్ అల్లాణి కిషన్‌రావు గారి వంటివాళ్లు ఈ కాలుష్యం మీద వీధికెక్కారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. మంచినీళ్లు, రైతులకు పరిహారం కోర్టు ఆదేశిస్తేనే కదిలాయి. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వచ్చింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలోనూ అంత ఉండదు. మేం దవాఖానలో ఆ మాత్రను లెక్కపెట్టి ఇచ్చేవాళ్లం.

ఉత్సవ కమిటీ వారు మంచి సంగతులే రాయమన్నారు. ఒకటి మాత్రం దాచలేను. 2004లో గ్రీన్‌పీస్ వాళ్లు ఈ ప్రాంతంలో గడపగడపకూ తిరిగి ఆరోగ్య సర్వే చేశారు. ఆ లెక్క తీయాల్సింది మనం. సగం పని నర్సమ్మ ముందే చేసి పెట్టింది కూడా. కొత్త భవనంలోకి మారినప్పుడు ఆమె రిజిస్టర్లు పాత కాగితాల వాడికి తూకానికి పోయాయి. నేను ఆరోజు సెలవులో ఉన్నాను. ఉండి ఉంటే అడ్డుపడేవాణ్ని.

స్మరించుకోవలసినవాళ్లు చాలామంది. స్థలం రాసిచ్చిన పటేలు కుటుంబం, ప్రహరీ కట్టించిన యువజన సంఘం, బీపీ మిషన్ కొన్న గీత కార్మికులు, ఒక ఎండాకాలమంతా కిరాయి తీసుకోకుండా నీళ్లు తోలిన అన్నదమ్ములిద్దరు, మంత్రసానులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, రాత్రిళ్లు లాంతరు పట్టుకుని నర్సమ్మకు తోడెళ్లిన వాచ్‌మన్.

స్వర్ణోత్సవ చందాల్లో కొంత మిగిలిందట, ఏం కొందామని అడిగారు. తాళం పడే ఇనప బీరువా ఒకటి కొనమన్నాను, రిజిస్టర్లకు.