గోడ మీద ఆ ఫొటో ఎందుకుంది?

మన శృంగవరపుకోట చుట్టుపక్కల పాత ఇళ్లల్లో ఒక రకం ఫొటో చూసే ఉంటారు. ముసలాయన కుర్చీలో ఉంటాడు. మెళ్లో దండ, నుదుట రూపాయి బిళ్ల, కళ్లు మూసి ఉంటాయి. చుట్టూ కొడుకులు, కోడళ్లు, మనవలు. అది ఆయన పోయాక తీసిన ఫొటో. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి భయపడి అటకెక్కించమంటున్నారు. అందుకే దాని వెనక సంగతి రాస్తున్నాను.

కెమెరా రాకముందు పోయినోళ్లకి గుర్తంటే మట్టి, రాయే. మనలో ఎక్కువమంది శవాన్ని కాలుస్తాం. పసిపిల్లల్ని మాత్రం పూడుస్తాం. జంగాలు కూర్చోబెట్టి పూడుస్తారు. క్రైస్తవులకి, ముస్లింలకి పూడ్చడమే ఆచారం. సీతంపేట కొండల్లో సవరలు శవాన్ని కాల్చి, తర్వాత పోయినోళ్ల పేరున రాయి నాటి పండగ చేస్తారు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల మీద పేర్లు, తేదీలు చెక్కి ఉంటాయి. కొన్ని ఊళ్లల్లో పొలంలోనే సమాధి కట్టి, దుక్కి దున్నినప్పుడు నాగలి తగలకుండా చూసుకునేవారు.

ఫొటో తీసే పద్ధతి 1839లో పారిస్‌లో బయటపెట్టారు. కొన్నేళ్లకే మన దేశానికీ వచ్చింది. తొలిరోజుల్లో బొమ్మ పడాలంటే మనిషి చాలాసేపు కదలకుండా ఉండాలి. కదిలితే మసకే. శవం కదలదు కాబట్టి స్పష్టంగా పడేది. ఇంగ్లండు, అమెరికాల్లో పసిబిడ్డ పోతే ఒళ్లో పెట్టుకుని ఫొటో తీయించుకునేవారు. బతికుండగా తీయించలేదు, ఇక మరి దొరకదు, అదే కారణం.

మన ఊళ్లల్లోనూ అదే కారణం. స్టూడియో టౌన్లో ఉండేది, ఫొటోకి డబ్బులుండేవి కావు. మనిషి పోయాక కబురు పెడితే ఫొటోగ్రాఫర్ వచ్చేవాడు. స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, దవడకి గుడ్డ కట్టి, గోడకి ఆనించి కూర్చోబెట్టేవారు. ఫిలిం రోలుకి పన్నెండు ఫొటోలే, అందుకని ఒకటో రెండో తీసేవాడు. చాలామందికి జన్మలో ఉన్న ఫొటో అదొక్కటే. అది ఇంటివాళ్లు అడిగి తీయించుకున్నది.

అడగకుండా తీసిందీ ఉంది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. శవాన్ని మంచం మీద కృష్ణదేవిపేట తెచ్చి, ఫొటో తీసి, అక్కడే దహనం చేశారు. మన్యంలో జనం ఆయన బతికే ఉన్నాడని నమ్ముతారేమోనని సర్కారుకి రుజువు కావాలి. జనానికి కావాల్సిన గుర్తు వేరు. అది ఇప్పుడు కృష్ణదేవిపేటలో ఉన్న సమాధి.

ఇప్పుడేటి జరుగుతోంది? యాక్సిడెంటైతే, పురుగుమందు తాగితే, ఇంటికి కబురు అందకముందే శవం ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. తల్లికి ముందు తెలియాల్సింది ఊరికి ముందు తెలుస్తోంది. ఆ ఫొటో ఎవరి గుర్తు కోసం తీసినట్టు? ఇంకోపక్క పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయాలంటే పెద్దాయన ఫొటో ఉండదు. చివరికి ఆధార్ కార్డుదో, పాసుపుస్తకానిదో పెద్దది చేసి వేస్తున్నారు. 2020, 2021 కరోనాలో మాత్రం దూరాన ఉన్న కొడుకులు ఫోన్లోనే కడసారి చూపు చూశారు. ఫోన్ తప్పు కాదు, తీసేవాడి బుద్ధి.

నేను కోరేది రెండే. శవం ఫొటో పంపే ముందు ఇంటివాళ్లని అడగండి, వద్దంటే ఆగండి. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టే ముందు, బతికున్న అమ్మానాన్నలకి పొలం గట్టు మీదో, పశువుల దగ్గరో మంచి ఫొటో తీసి కాగితం మీద ప్రింటు వేయించండి. వెనకాల పేరు, ఊరు, సంవత్సరం రాయండి. ఫోన్ పాడైతే అందులోవి పోతాయి. గోడ మీది ఆ పాత ఫొటో ఉంటే అటకెక్కించకండి, అందులో ఉన్నదెవరో పిల్లలకి చెప్పండి.