ముల్కీ సర్టిఫికెట్టు – ఒక కాగితం కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు నగర చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. గోల్కొండ, చార్మినారు గురించి రాసే పండితులు చాలామంది ఉన్నారు. జీవితమంతా ఫైళ్లతో గడిపిన గుమాస్తాను కనుక నాకు తెలిసిన వస్తువు కాగితమే. మన నగరంలో మూడు తరాల కుటుంబాల బతుకుదెరువును నిర్ణయించిన ఒక కాగితం గురించి నాలుగు మాటలు రాస్తాను.

ఈ రోజు మన సభ్యులలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే అల్లుళ్ల గురించి పెన్షనర్ల సమావేశాల్లో రోజూ వింటున్నాం. మెక్సికోలాంటి దేశంలో అయితే ముందు తాత్కాలిక నివాసపు కార్డు ఇస్తారు. అది నాలుగేళ్లు దాటదు. ఆ తర్వాత శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవన్నీ కొత్త సంగతులని మన మనుమలు అనుకుంటారు. పరాయివాడు ఎన్నేళ్లుంటే సొంతవాడవుతాడు, దానికి ఏ కాగితం చూపాలి అనే లెక్క మన హైదరాబాదులో ఎప్పుడో ఉంది. దాని పేరే ముల్కీ.

ముల్కీ, గైర్ ముల్కీ

'ముల్క్' అంటే దేశం. దేశంవాడు ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉండి ప్రభుత్వాన్ని కొత్త పద్ధతిలో నిలబెట్టినప్పుడు ఉత్తర హిందూస్థానం నుంచి చదువుకున్నవారిని రప్పించాడు. మొహసినుల్‌ముల్క్, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ వంటి వారు అలా వచ్చినవారే. వారు సమర్థులు. కాదన్నవారు లేరు. అయితే పెద్ద ఉద్యోగాలన్నీ వారికీ, వారి బంధువులకూ పోతున్నాయని స్థానికులకు కష్టం కలిగింది. 1880లలో సర్కారీ భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారడంతో వచ్చినవారికి దారి ఇంకా సులువయింది. 1888 ప్రాంతానికే ముల్కీలకు ప్రాధాన్యం ఇవ్వాలన్న ఉత్తర్వులు వెలువడ్డాయి.

మన నాంపల్లి, అబిడ్స్ వీధుల పేర్లలోనే ఈ కథ దాగి ఉంది. అబిడ్స్ అన్న పేరు ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా దేశస్థుడి వల్ల వచ్చింది. ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారి కొలువులో ఉండి ఇక్కడ దుకాణం పెట్టాడు. మనిషి పోయినా పేరు మిగిలింది. గైర్ ముల్కీ పేరు మీద ఉన్న చౌరస్తాలో నిలబడి మనం ముల్కీ హక్కుల గురించి మాట్లాడుకున్నామన్నమాట!

అక్కడికి దగ్గరలో, నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఇల్లుంది. అది బెంగాలు నుంచి వచ్చిన డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ గారిది, అంటే సరోజినీ నాయుడు గారి తండ్రిది. తర్వాత నిజాం కాలేజీగా పెరిగిన విద్యాలయానికి పునాది వేసినవారు ఆయన. 1883లో చాందా రైల్వే పథకాన్ని వ్యతిరేకించి సభలు జరిపినందుకు ఆయనను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. కొన్నేళ్లకు తిరిగి రానిచ్చారు. బయటివాడికి ఎంత గౌరవం ఉన్నా, ఉండే హక్కు దొరగారి దయ మీదనే ఆధారపడి ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

పదిహేనేళ్లు, ఒక హలఫ్‌నామా

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919లో ముల్కీ నిబంధనలను ఫర్మానాగా ఖరారు చేశారు. సర్వీసు రూల్సు చదివే అలవాటున్న మనకు వీటిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. నాలుగు విధాలుగా ముల్కీ కావచ్చు. ఒకటి, పుట్టుకతో హైదరాబాదు రాజ్యపు ప్రజ అయి ఉండాలి. అంటే పుట్టిననాటికి తండ్రి ముల్కీ అయి ఉండాలి. రెండు, నివాసం వల్ల ఆ అర్హత సంపాదించాలి. మూడు, పుట్టిననాటికి తండ్రి సర్కారు నౌకరీలో పదిహేనేళ్లు పూర్తి చేసి ఉండాలి. నాలుగు, ముల్కీకి భార్య అయి ఉండాలి.

అందరూ పట్టుకు వేలాడింది రెండవ దారినే. దానికి 15 ఏళ్లు స్థిరనివాసం ఉండాలి. అది చాలదు. తాను వచ్చిన ఊరికి తిరిగి పోయే ఆలోచన విడిచిపెట్టానని నిర్ణీత నమూనాలో హలఫ్‌నామా రాసి, మేజిస్ట్రేటు ముందు ధ్రువీకరించుకోవాలి. పదిహేనేళ్లు లెక్క వేయడం గుమాస్తా పని. మనసులో తిరిగి పోయే ఆలోచన ఉందా లేదా అన్నది ఏ గుమాస్తా లెక్క వేయగలడు? అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు పాత దేశానికి విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం చేయిస్తారు. మన నిజాం గారి ఫర్మానాలో ఉన్నదీ అటువంటి మాటే.

ఆ కాలంలోనే ఈ మాటకు మంచి అర్థం కూడా ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించారు. అదే ఏడాది అబిడ్స్‌లో రెడ్డి హాస్టలు వెలసి జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు నీడనిచ్చింది. చదువుకున్న స్థానిక యువకులు తయారయ్యారు. 1930లలో నిజాం ప్రజల సంఘం ఏర్పడి 'హైదరాబాదు హైదరాబాదీలదే' అని నినదించింది. అందులో సర్ నిజామత్ జంగ్ గారితోపాటు బూర్గుల రామకృష్ణారావు గారు కూడా ఉన్నారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ' పెట్టారు. అంటే స్వదేశీ వస్తువుల ప్రదర్శన. ఏటా జనవరిలో మనం మనుమలను తీసుకుపోయే నాంపల్లి ఎగ్జిబిషన్ అదే. ముల్కీ అన్న మాట మొదటి పేరులో ఉన్నదని ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది?

1952 నుంచి 1969 దాకా

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తర్వాత ఇంగ్లీషు, తెలుగు తెలిసిన ఉద్యోగులు కావలసి వచ్చి మద్రాసు, బొంబాయి వైపుల నుంచి అధికారులూ ఉపాధ్యాయులూ వచ్చారు. ఉర్దూలో చదువుకున్న స్థానికుడికి చేతిలో డిగ్రీ ఉండీ నౌకరీ లేదు. అదే సమయంలో దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయన్న ఆరోపణలు వచ్చాయి. 1952లో వరంగల్లులో మొదలైన విద్యార్థుల ఆందోళన నగరానికి పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీలలో ఇక్కడ పోలీసు కాల్పులు జరిగి యువకుల ప్రాణాలు పోయాయి. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి గారిని నియమించారు. ఒకనాడు ముల్కీ హక్కుల సంఘంలో ఉన్న బూర్గుల వారే ఆనాడు ముఖ్యమంత్రి. చరిత్ర ఎటువంటి పరీక్షలు పెడుతుందో చూడండి.

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో 12 ఏళ్ల నివాసం అన్న మాట పెట్టారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే కర్నూలు నుంచి ఆఫీసులు ఇక్కడికి తరలివచ్చాయి. పార్లమెంటు 1957లో నివాసార్హత చట్టం చేసింది. దాని కింద 1959లో రూల్సు వచ్చాయి. తెలంగాణలో తహశీల్దారు, అంతకు దిగువ పోస్టులకు 15 ఏళ్ల నివాసం ఉండాలన్నారు.

రూల్సు ఉన్నాయి. అమలు మాత్రం సరిగా లేదు. మా అన్నయ్య నల్లగొండ జిల్లాలో మెట్రిక్ పాసై ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు పట్టుకుని నాంపల్లి ఆఫీసుల చుట్టూ రెండేళ్లు తిరిగాడు. ఒక ఆఫీసులో తనకు రావలసిన పోస్టు నివాసం సర్టిఫికెట్టు కొని తెచ్చుకున్నవాడికి పోయిందని జీవితాంతం చెప్పుకునేవాడు. ఇటువంటి ఇళ్లు వేలల్లో ఉండేవి. 1969 ఉద్యమంలో యువకులు అంత పెద్ద సంఖ్యలో కదలడానికి కారణం అదే. ఆ జనవరి 21న స్థానికేతరులను వెనక్కు పంపాలని జీవో 36 వచ్చింది. మార్చి 28న సుప్రీంకోర్టు నివాసార్హత నిబంధన చెల్లదని తీర్పు చెప్పింది. జూన్‌లో తెలంగాణ ఎన్జీవోలు సమ్మెకు దిగారు.

ఒకే ఏడాదిలో రెండు తీర్పులు

1972 ఫిబ్రవరి 14న హైకోర్టు ముల్కీ రూల్సు అమలులో లేవన్నది. అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఉన్నాయన్నది. ఒకే ఏడాదిలో ఒకే కాగితానికి రెండు అర్థాలు!

నేను 1974లో ఎల్డీసీగా చేరినప్పుడు మా సెక్షన్లో ఈ లెక్కలే వినిపించేవి. మా సూపరింటెండెంటు గారు 1956 నవంబరులో కర్నూలు నుంచి వచ్చినవారు. "చూడు బాబూ, 1971 నవంబరుకు నాకు పదిహేనేళ్లు నిండినై. ఫిబ్రవరిలో కోర్టు ఆ రూలే లేదన్నది. అక్టోబరులో ఉన్నదన్నది. నా కొడుకు ఏ ఊరివాడో నాకే తెలియకుండా పోయింది" అనేవారు. ఆ పిల్లవాడు మూడేళ్ల వయసులో ఇక్కడికి వచ్చాడు. మాట్లాడేది హైదరాబాదు తెలుగే. కర్నూలుకు పోతే అక్కడ హైదరాబాదీ అనేవారు, ఇక్కడ ఆంధ్రా అనేవారు. పక్క సీటులో కరీంనగర్ నుంచి వచ్చిన హెడ్‌క్లర్కు గారు ఉండేవారు. ఆయన కాగితాల్లో తండ్రిగారి ముల్కీ సర్టిఫికెట్టు పట్టుగుడ్డలో చుట్టి ఉండేది. ఇద్దరూ ఒకే టిఫిన్ బాక్సు పంచుకునేవారు. ఉద్యమం మాట వస్తే మాత్రం మౌనంగా తినేవారు. మా అన్నయ్య బాధ ఎంత నిజమో, మా సూపరింటెండెంటు గారి బాధా అంతే నిజమని నాకు ఆ సెక్షన్లోనే తెలిసింది.

సుప్రీంకోర్టు తీర్పుతో ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1972 నవంబరు 27న ఇందిరాగాంధీ గారు ఐదు సూత్రాలు ప్రకటించారు. సచివాలయం వంటి ఉమ్మడి ఆఫీసులలో ప్రతి మూడు ఖాళీలలో రెండవది ముల్కీకి అన్నారు. అది ఎవరికీ నచ్చలేదు. అక్కడి ఎన్జీవోలు నెలల తరబడి సమ్మె చేశారు. పి.వి.నరసింహారావు గారు ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది.

ముల్కీ పోయి లోకల్ వచ్చింది

1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. ఏడాది చివరిలో ముల్కీ రూల్సు రద్దయ్యాయి. 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం చేరి 1974 జూలై 1 నుంచి అమలైంది. 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ముల్కీ బదులు 'స్థానిక అభ్యర్థి' వచ్చాడు. పదిహేనేళ్లు పోయి నాలుగేళ్ల చదువు వచ్చింది. రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసి ఎల్డీసీ స్థాయిలో నూటికి 80, పై నాన్ గెజిటెడ్ పోస్టుల్లో 70 స్థానికులకు ఉంచారు. హలఫ్‌నామా స్థానంలో బడి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్టు వచ్చింది. నాలుగు నుంచి పదో తరగతి దాకా పిల్లవాడి బోనఫైడ్ల కోసం మనలో ఎవరు తిరగలేదు?

ఆరు సూత్రాలలో ఒకటిగా హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. అది మొదట పాఠాలు మొదలుపెట్టింది ఎక్కడో తెలుసా? గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే. ఒకప్పుడు రాజ్యం వెళ్లగొట్టిన గైర్ ముల్కీ ఇంట్లోనే ముల్కీ తగాదా తీర్చడానికి పుట్టిన విశ్వవిద్యాలయం మొదలైంది.

తగాదా అంతటితో తీరలేదు. ఉత్తర్వుకు విరుద్ధంగా నియమితులైన వారిని వారి జోన్లకు పంపాలని 1985 డిసెంబరు 30న జీవో 610 ఇచ్చారు. దాని అమలు మీద 2001లో గిర్‌గ్లానీ కమిషను వేయవలసి వచ్చింది. ఉత్తర్వు రాయడం ఒక ఎత్తు, అమలు చేయడం పది ఎత్తులు అని మనకంటె బాగా ఎవరికి తెలుసు? 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2018 కొత్త రాష్ట్రపతి ఉత్తర్వుతో ఇక్కడ నూటికి 95 స్థానికులకు దక్కాయి. ఇంకొక విచిత్రం కూడా జరిగింది. హైదరాబాదులో పుట్టి పెరిగి విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు తరలిన కుటుంబాల పిల్లలకు అక్కడ స్థానికత ఇవ్వడానికి 2016లో ప్రత్యేక సవరణ చేయవలసి వచ్చింది. కర్నూలు నుంచి వచ్చినవారి మనుమలు మళ్లీ స్థానిక ధ్రువపత్రం కోసం వరుసలో నిలబడ్డారు.

మనం గ్రహించవలసినది

మిత్రులారా, ఈ నూరేళ్ల కథలో నాకు రెండు విషయాలు తోస్తాయి. ఊరివాడికి ముందు అన్నం పెట్టాలన్న కోరిక న్యాయమైనది. నిబంధన దొడ్డిదారిన ఉల్లంఘించినప్పుడే అది కోపంగా మారింది. అలాగే వచ్చినవాడు ఎన్నటికీ వచ్చినవాడే అనడమూ ధర్మం కాదు. పదిహేనేళ్లుంటే మనవాడే అని నిజాం ఫర్మానా కూడా ఒప్పుకున్నది. మన పిల్లలు పరదేశంలో గైర్ ముల్కీలై వరుసలో నిలబడుతున్న ఈ కాలంలో ఆ రెండవ మాట మరీ గుర్తుంచుకోవాలి.

చివరగా ఒక మనవి. మన సభ్యుల ఇళ్లలో తాతల నాటి ముల్కీ సర్టిఫికెట్లు, హలఫ్‌నామాలు, నిజాం కాలపు సర్వీసు కాగితాలు ఉండవచ్చు. ఉర్దూలో ఉన్నాయి, మనకు చదవరాదు అని చిత్తు కాగితాల వాడికి వేయవద్దు. పిల్లలకు చూపించండి, అర్థం చెప్పండి. అవసరమనుకుంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వారిని సంప్రదించండి. ఒక కాగితం కోసం మన పెద్దలు ఎంత తపించారో ఆ కాగితమే చెబుతుంది.